లక్క గిలక్కాయా, చీర గుడ్డ బొమ్మా?

పాపకు ఐదో నెల రాగానే మా ఆయన ఏటికొప్పాక గిలక్కాయ తెచ్చారు. అమ్మేమో తన పాత నూలు చీర చింపి బొమ్మ కుట్టడానికి కూర్చుంది.

ఏటికొప్పాక మన విశాఖకు దగ్గరే, వరాహ నది ఒడ్డున. మెత్తటి అంకుడు కర్రను మిషన్ మీద తిప్పుతూ లక్క కడ్డీ ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టేస్తుంది. పసుపు, నీలిమందు లాంటి సహజ రంగులు కలుపుతారు. 2017లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. చేతికి ఎంత నున్నగా ఉంటుందో! కానీ నీళ్లలో నానబెట్టకూడదు, తడిగుడ్డతో తుడవాలంతే. రసాయన రంగులు వేసినవీ బజారులో ఉంటాయి, అడిగి కొనాలి. పైగా కర్ర కదా, పాప ఊపుకుని నుదుటికి తగిలించుకుంది.

గుడ్డ బొమ్మకు ఆ టెన్షన్ లేదు. దూది తడిస్తే ఉండలు కడుతుందని అమ్మ చీర ముక్కలే కూరింది. జరీ అంచు గుచ్చుకుంటుందని ముందే తీసేసింది. కళ్లకు గుండీలు మాత్రం నేనే వద్దన్నాను, ఊడితే గొంతులో అడ్డం పడతాయి. నల్ల దారంతో కాడకుట్టు వేసింది, కనుబొమలతో సహా! చిక్కల్లా మన సముద్రపు గాలి చెమ్మతోనే. ఉతికితే వానాకాలం రెండు రోజులైనా ఆరదు, ముక్కిన వాసన వస్తుంది.

ఏడాది నిండేదాకా నా ఓటు గుడ్డ బొమ్మకే. గిలక్కాయను ఇప్పటికి మేమే ఊపుతున్నాం. 'ఎంత బాగా కుట్టావమ్మా' అంటే, 'ఇదీ ఒక పనేనా' అంటూ అమ్మ రెండోది మొదలుపెట్టింది.