బయోస్టాటిస్టిక్స్ మైనర్: పూర్తిచేసిన తరువాత ఒక సమీక్ష

ఎపిడెమియాలజీలో (జనంలో వ్యాధులు ఎలా, ఎందుకు వ్యాపిస్తాయో చదివే శాస్త్రం) పీహెచ్‌డీ చేస్తూ, మైనర్‌గా, అంటే ప్రధాన విషయానికి తోడుగా చదివే ఉపవిషయంగా, బయోస్టాటిస్టిక్స్‌ను (ఆరోగ్య సమాచారానికి వాడే గణాంకశాస్త్రం) ఎంచుకొని, ఆ కోర్సులన్నీ ముగించాక ఈ సమీక్ష రాస్తున్నాను. మైనర్‌లో చాలాచోట్ల మూడు నాలుగు కోర్సులు మాత్రమే ఉంటాయి. కాబట్టి పేరు చూసి కాక, తమ పరిశోధన ప్రశ్నకు ఏ పనిముట్టు కావాలో చూసి ఎంచుకోవాలి.

నాకు అన్నిటికంటే ఉపయోగపడినది సర్వైవల్ అనాలిసిస్, అంటే వ్యాధి రావడం వంటి ఒక సంఘటన జరగడానికి ఎంత కాలం పడుతుందో లెక్కగట్టే పద్ధతి. అధ్యయనం ముగిసేలోగా కొందరికి వ్యాధి రాదు, మరికొందరు మధ్యలోనే దూరమవుతారు. వారిని లెక్క నుంచి తీసివేస్తే ఫలితం తప్పుదారి పడుతుంది. 1958లో గణాంకవేత్తలు కాప్లాన్, మేయర్ ప్రతిపాదించిన అంచనా పద్ధతి, 1972లో డేవిడ్ కాక్స్ ప్రతిపాదించిన రిగ్రెషన్ నమూనా ఆ అసంపూర్ణ సమాచారాన్ని కూడా వృథా పోనివ్వకుండా ఎలా వాడుకుంటాయో అధ్యాపకులు చేతితో లెక్కలు వేయించి మరీ నేర్పారు. సాఫ్ట్‌వేర్ తరువాతే వచ్చింది, అదే మంచిదైంది.

లోపాలూ ఉన్నాయి. సిద్ధాంత కోర్సుకు కాలిక్యులస్, లీనియర్ ఆల్జీబ్రా బాగా వచ్చి ఉండాలన్న సంగతి చేరేటప్పుడు ఎవరూ గట్టిగా చెప్పలేదు. మొదటి నెల నాకు ఊపిరాడలేదు. సమగ్ర పరీక్షలో మైనర్ విభాగం వారూ ప్రశ్నలు అడుగుతారని ఆలస్యంగా తెలిసింది.

ముఖాముఖీల ఆధారంగా ప్రజల ఆరోగ్య ప్రవర్తనను పరిశీలించేవారికి దీనిని సిఫారసు చేయను. వారికి వైద్య మానవశాస్త్రం మేలు. విధాన నిర్ణయాల ఖర్చూ ప్రయోజనమూ తూచేవారికి ఆరోగ్య అర్థశాస్త్రం సరిపోతుంది. ఒకే జనసమూహాన్ని గమనిస్తూ ఏళ్ల తరబడి సేకరించిన కోహార్ట్ సమాచారంతో పనిచేసేవారు మాత్రం నిశ్చింతగా చేరవచ్చు, కాకపోతే సిద్ధాంత కోర్సును మొదటి సెమిస్టర్‌లోనే పెట్టుకోకూడదు.