గ్రూప్-2 ప్రిపరేషన్: టెలిగ్రామ్ గ్రూపా, క్లాస్‌రూమా, లైబ్రరీయా?

ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష గ్రూప్-2కి చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు తరచూ అడుగుతుంటారు: "అన్నా, మెటీరియలంతా టెలిగ్రామ్‌లోనే దొరుకుతోంది కదా, హైదరాబాద్ వచ్చి కోచింగ్‌లో చేరడం అవసరమా?" అశోక్‌నగర్‌లో గది అద్దె, మెస్ బిల్లు, కోచింగ్ ఫీజు కలిస్తే ఊళ్లో అమ్మానాన్నల మీద ఎంత భారం పడుతుందో చూసినవాణ్ని. అందుకే ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోలేను.

టెలిగ్రామ్ గ్రూపుల వల్ల మేలు చాలానే ఉంది. నోటిఫికేషనైనా, హాల్‌టికెటైనా, ప్రిలిమినరీ కీ అయినా చిక్కడపల్లిలో ఉన్నవాళ్లకూ ఆదిలాబాద్‌లో ఉన్నవాళ్లకూ ఒకేసారి తెలిసిపోతుంది. పాత ప్రశ్నపత్రాలు దొరుకుతాయి. రోజూ పెట్టే బిట్ల క్విజ్‌తో కరెంట్ అఫైర్స్ చేయి దాటిపోకుండా ఉంటాయి. ఈ విషయాల్లో ఏ కోచింగ్ సెంటరూ గ్రూపులతో పోటీ పడలేదు.

అసలు ఇబ్బంది అర్థం చేసుకోవాల్సిన చోట వస్తుంది. తెలంగాణ గ్రూప్-2లో నాలుగు పేపర్లు, ఒక్కోదానికి 150 మార్కులు. నాలుగోది తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావం. 610 జీవో సంగతి గ్రూపులో అడగండి. "30 డిసెంబర్ 1985" అని క్షణాల్లో జవాబు వస్తుంది. తేదీ కరెక్టే, కానీ ఆ జీవో ఎందుకు ఇవ్వాల్సి వచ్చిందో దాంతో తెలియదు.

అదే మంచి సార్ చెబితే బోర్డుకి ఎడమ చివర 1919 నాటి ముల్కీ ఫర్మానాతో, అంటే ప్రభుత్వ ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలన్న నిజాం ఉత్తర్వుతో మొదలుపెడతారు. ఆ నిబంధనలు చెల్లుతాయని 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పడం, దాంతో ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోసం జై ఆంధ్ర ఉద్యమం రాజుకోవడం, 1973లో ఆరు సూత్రాల పథకం, 1975లో ఉద్యోగాల్లో స్థానికుల వాటాపై రాష్ట్రపతి ఉత్తర్వులు, వాటికి విరుద్ధంగా జరిగిన నియామకాలను సరిదిద్దడానికి 610 జీవో, అది సరిగా అమలు కాకపోవడంతో 2001లో గిర్‌గ్లానీ కమిషన్, ఇలా బాణం గుర్తులు వేసుకుంటూ పోతారు. ఈలోగా వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి లేచి, "ముల్కీ నిబంధనలు రద్దు చేశారు కదా సార్, మళ్లీ లోకల్ రిజర్వేషన్ ఎక్కడిది?" అని అడుగుతుంది. సార్ ఆగి, ఆ రిజర్వేషన్‌కి ఆధారమైన రాజ్యాంగంలోని 371-డి అధికరణం దగ్గరికి వెళ్తారు. ఆ డౌటు క్లాసులో సగం మందికి ఉండే ఉంటుంది, నోరు తెరిచి అడిగింది మాత్రం ఆమె. నా దృష్టిలో క్లాస్‌రూమ్‌కి కట్టే ఫీజు ఇలాంటి ప్రశ్నల కోసమే. వందల మందిని హాల్లో కూర్చోబెట్టి మైకులో నోట్స్ చెప్పి రాయించే చోటైతే ఆ డబ్బు కట్టొద్దు. దానికంటే ఇంట్లో వీడియో చూడటం నయం.

లైబ్రరీ సంగతి వేరు. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో పాఠం చెప్పేవాళ్లుండరు, చుట్టూ చదివేవాళ్లుంటారు. ఆ వాతావరణం విలువ పరీక్ష వాయిదా పడినప్పుడు బాగా తెలుస్తుంది. 783 గ్రూప్-2 పోస్టులకు 2022 డిసెంబరులో నోటిఫికేషన్ వచ్చింది. పరీక్ష 2023 ఆగస్టు నుంచి నవంబరుకు, అక్కణ్నుంచి 2024 జనవరికి, మళ్లీ ఆగస్టుకు మారుతూ వచ్చి, చివరికి 2024 డిసెంబర్ 15, 16 తేదీల్లో జరిగింది. అలాంటి రోజుల్లో గ్రూపులు తెరిస్తే "మళ్లీ వాయిదా అంట", "కట్ ఆఫ్ ఎంత ఉండొచ్చు" తప్ప ఇంకో మాట ఉండదు. గంటలు గడిచిపోతాయి, టెన్షన్ మిగులుతుంది. లైబ్రరీలో పక్కవాడు ఎకానమీ పుస్తకం తీసి కూర్చుంటే మనమూ తీస్తాం. సాయంత్రం టీ దగ్గర ఇద్దరు ముగ్గురు కలిసి చదివింది ఒకరికొకరు చెప్పుకుంటే, ఎక్కడ తడబడుతున్నామో అక్కడే బయటపడుతుంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నా సలహా: పాలిటీ, ఎకానమీ, ఉద్యమ చరిత్రల బేసిక్స్ వచ్చేవరకు క్లాసుకి వెళ్లండి. ఏడాదంతా అక్కర్లేదు. తర్వాత లైబ్రరీ చాలు, అది మీ జిల్లా కేంద్రంలోనిదైనా ఫర్వాలేదు. టెలిగ్రామ్‌లో రెండే ఉంచుకోండి, నోటిఫికేషన్లకు ఒకటి, క్విజ్‌కి ఒకటి. చర్చల గ్రూపుల్లోంచి బయటికి వచ్చేయండి. క్విజ్ కూడా ఆ చాప్టర్ చదివాకే రాయండి, లేకపోతే జవాబులు బట్టీ పట్టడమే అవుతుంది.

ఉద్యోగం చేస్తూ చదివేవాళ్లకు, చంటిపిల్లల తల్లులకు మాత్రం ఈ లెక్క వర్తించదు. వాళ్లకు ఆన్‌లైనే క్లాస్‌రూమ్. తెలంగాణ ప్రభుత్వ విద్యా చానెల్ టీ-శాట్ నిపుణలో పాఠాలు ఉచితంగా వస్తాయి. వేల మంది ఉన్న గ్రూపులో డౌటు అడిగే బదులు, అదే పరీక్షకి చదువుతున్న ఇద్దరిని వెతుక్కోండి. రాత్రి పిల్లలు పడుకున్నాక ముగ్గురూ వీడియో కాల్‌లో కలిసి, ఆ రోజు పాఠాన్ని పుస్తకం మూసి ఒకరి తర్వాత ఒకరు చెప్పుకోండి.