రెడ్ ఆక్సైడా, ఎపాక్సీనా? ఇంట్లో పాత కారు బాగుచేసుకునేవాళ్లకు ఏది మేలు

"తుప్పు గీకేశాను. ఇప్పుడు రెడ్ ఆక్సైడ్ కొట్టేస్తే చాలా, ఎపాక్సీ కొనాలా?"

మా షెడ్డులో ప్రీమియర్ పద్మినిని విప్పి పెట్టినప్పటి నుంచి ఈ ప్రశ్న కనీసం పదిమంది అడిగారు. మొన్న కాకినాడ నుంచి ఒకాయన, అంబాసిడర్ పని మొదలుపెట్టారట, ఫోన్ చేసి మళ్లీ ఇదే అడిగారు. ప్రతివాళ్లకీ ఫోన్లో చెప్పే బదులు ఒకసారి రాసేస్తే పోతుంది.

రెండూ రంగుకు ముందు రేకు మీద కొట్టే ప్రైమర్లే. నేను రెండూ కొట్టాను. ముందు రెడ్ ఆక్సైడ్ కొట్టి, తర్వాత దాన్ని గీకి పారేసి ఎపాక్సీ కొట్టాను. నా మొగ్గు ఎటో ఇక్కడే తెలిసిపోయిందనుకోండి. అయినా రెడ్ ఆక్సైడ్‌కి దక్కాల్సిన మర్యాద దానికి దక్కాలి.

దాంతో సుఖం ఏమిటంటే, ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా దొరుకుతుంది. కాస్త టర్పెంటైన్ కలిపి బ్రష్‌తో కొట్టేసుకోవచ్చు. కొలతలు లేవు, గట్టిపడటానికి కలిపే హార్డెనర్ లేదు. మిగిలితే మూత బిగించి వచ్చే ఆదివారం వాడుకోవచ్చు. ఎపాక్సీతో పోలిస్తే బాగా చవక. మన గేట్లూ కిటికీ గ్రిల్సూ ఇన్నేళ్లుగా దాని మీదే బతుకుతున్నాయి. కానీ రెడ్ ఆక్సైడే తుప్పును ఆపేస్తుందని చాలామందికి ఒక పొరపాటు అభిప్రాయం ఉంది. వెనకటి రోజుల్లో వంతెనలకూ ఓడలకూ కొట్టిన ఎర్రరంగు సీసంతో చేసిన సిందూరం. అది ఇనుముతో రసాయనికంగా కలిసి తుప్పును ఆపేది. విషం కాబట్టి వాడకం పోయింది. ఇప్పటి రెడ్ ఆక్సైడ్‌లో రంగు మాత్రమే అది. లోపల ఉన్నది ఐరన్ ఆక్సైడ్, అంటే తుప్పుకు దాయాదే. తుప్పును ఆపే గుణం దానికి సొంతంగా ఏమీ లేదు, ఒక పొరలా కప్పి ఉంచుతుందంతే. జింక్ ఫాస్ఫేట్ కలిపిన ప్రైమర్లు కొంచెం మెరుగు. డబ్బా మీద చదివి తీసుకోండి.

ఆ పొర నీళ్లను ఎంతకాలం ఆపుతుందన్నదే నా దృష్టిలో అసలు విషయం. ఎందుకంటే మనది ఆదివారాల పని.

వర్క్‌షాపులో కారు ఈరోజు గీకితే రేపు ప్రైమర్, వారంలో రంగు. పైన రంగు కోటు కూడా వేసేశారు కాబట్టి కింద ఏ ప్రైమర్ ఉన్నా కొన్నేళ్లు గడిచిపోతాయి. మన షెడ్డులో అలా కాదు. కారు ఫ్లోర్‌కి ప్రైమర్ కొట్టాక పెళ్లిళ్లొస్తాయి, పిల్లల పరీక్షలొస్తాయి, వెల్డర్ రానంటాడు, వానాకాలం వచ్చేస్తుంది. కారు ఒట్టి ప్రైమర్ మీదే ఆర్నెల్లు కూర్చుంటుంది. రెడ్ ఆక్సైడ్ పొర సన్నటి రంధ్రాల పొర, తేమ మెల్లగా లోపలికి దిగుతుంది. మా ఇల్లు విశాఖలో సముద్రానికి రెండు కిలోమీటర్ల దూరం. జూన్‌లో ఫ్లోర్‌కి రెండు కోట్లు కొట్టి, నవంబరులో చాప ఎత్తి చూస్తే ఎర్ర రంగు మీద ఇంకో ఎరుపు, మొటిమల్లా. చూసినప్పుడు నాకు ఏడుపొక్కటే తక్కువ.

దానికి తోడు ఇంకో తంటా. బాగున్న చోట ఉంచేసి పైన ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) సర్ఫేసర్, అంటే రంగుకు ముందు రేకును నున్నగా చేసే కోటు, స్ప్రే చేస్తే, ఆ ఘాటు థిన్నర్‌కి కింద రెడ్ ఆక్సైడ్ ఉబ్బి, పాల మీద మీగడలా ముడతలు పడి లేచింది. టర్పెంటైన్‌తో పలచన చేసే ప్రైమర్ మీద ఎన్‌సీ గానీ పీయూ (పాలీయురెథేన్) గానీ కొడితే ఈ ప్రమాదం ఉంటుంది. పైన మామూలు ఎనామెల్ వేసేవాళ్లకు ఈ బాధ లేదు.

ఎపాక్సీ ప్రైమర్ రెండు డబ్బాలు, బేసు, హార్డెనర్. కలిపాక రెండూ రసాయనికంగా కలిసి గట్టిపడతాయి కాబట్టి పొర చిక్కగా ఉంటుంది, తర్వాత ఏ థిన్నర్ తగిలినా లేవదు. శుభ్రమైన ఇనుము మీద దాని పట్టు వేరు. నేను అదే ఫ్లోర్ మళ్లీ గీకి ఎపాక్సీ రెండు కోట్లు వేసి, ఒక వానాకాలం మొత్తం అలాగే వదిలేశాను. అంచుల్లో వెల్డింగ్ దగ్గర రెండు చోట్ల తప్ప ఎక్కడా ఏమీ రాలేదు. పుట్టీ కూడా దీని మీదే పెట్టుకోవచ్చు. మన పెయింటర్లు ఒట్టి రేకు మీద పుట్టీ పెడతారు. పుట్టీ తేమ పీలుస్తుంది, రెండేళ్లకు దాని కిందే బుడగలు లేస్తాయి.

కష్టాలు లేవని కాదు. డబ్బా మీద రాసిన నిష్పత్తి తప్పితే అది సరిగా గట్టిపడదు. కళ్లతో కొలవకండి, కొలత గీతలున్న కప్పు తెచ్చుకోండి. కలిపాక కొన్ని గంటల్లో వాడేయాలి, మే నెల ఎండలో ఆ గడువు ఇంకా తగ్గిపోతుంది. నేను మొదటిసారి అత్యాశకు పోయి అర లీటరు కలిపితే సగం కప్పులోనే రాయైపోయింది. ఇప్పుడు టీ గ్లాసుడు మించి కలపను. పై కోటు వేయడానికి కూడా గడువుంటుంది. అది దాటితే 320 నంబరు ఎమెరీ కాగితంతో మెరుపు పోయేలా రుద్దాకే పైన ఏదైనా వేయాలి, లేకపోతే పొరలు పొరలుగా ఊడుతుంది. ఎండ తగిలితే పొడి రాలుతుంది కాబట్టి బయట పెట్టే కారుకు ఇదే ఆఖరి కోటు కాకూడదు. హార్డెనర్ చర్మానికి పడదు, గ్లోవ్స్ తప్పనిసరి. స్ప్రే చేస్తే ఆవిరిని ఆపే కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు వేసుకోవాలి. మూతికి కట్టుకున్న రుమాలు దుమ్ముకే పనికొస్తుంది.

తీరంలో ఉండేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. గ్రైండర్‌కి ఇనుప తీగల కప్ బ్రష్ పెట్టి రుద్దితే రేకు మెరుస్తుంది, కానీ తుప్పు తిన్న గుంటల అడుగున ఉప్పు అలాగే ఉంటుంది. ఉప్పు తేమను లాగుతుంది. పైన ఏ పెయింట్ వేసినా కింద దాని పని అది చేసుకుంటూ పోతుంది. అందుకే గీకాక మంచినీళ్లతో కడగమంటాను. ఇది చెప్తే అందరూ నన్ను వింతగా చూస్తారు. కడిగి, వెంటనే హీట్ గన్‌తో ఆరబెట్టి, థిన్నర్ గుడ్డతో తుడిచి, ఆ మధ్యాహ్నమే ప్రైమర్ వేయాలి. రాత్రికి వదిలేస్తే పొద్దునకల్లా పసుపు రంగు తుప్పు తేలుతుంది. పొద్దున్నే కూడా వద్దు, రేకు మీద కనిపించని మంచు ఉంటుంది. గాలిలో తేమ 85 శాతం దాటిన రోజు పెయింట్ డబ్బా తెరవకపోవడమే మంచిది. విశాఖలో ఈ లెక్కన ఆగస్టు నెలంతా ఖాళీగా కూర్చోవాలి, అది వేరే సంగతి.

మిగతావాటి గురించి పెద్దగా చెప్పడానికి లేదు. రస్ట్ కన్వర్టర్ పలచటి తుప్పును నల్లగా మారుస్తుంది, పొలుసులు లేచిన తుప్పుకు పనికిరాదు. యాసిడ్ రకమైతే దాని మీద ఎపాక్సీ సరిగా పట్టదు. డిక్కీలో నేను కన్వర్టర్‌ని సరిగా కడక్కుండా ఎపాక్సీ వేస్తే వారమైనా జిగురుగానే ఉంది. తుప్పు మీదే కొట్టమనే మాయిశ్చర్ క్యూర్ పెయింట్లు ఖరీదు. గుంటలు పడిన వెనక యాక్సిల్ లాంటి వాటికి బాగుంటాయి, నున్నటి కొత్త రేకు మీద పట్టు తక్కువ. గాలిలో తేమతోనే గట్టిపడతాయి కాబట్టి ఒకసారి తెరిచిన డబ్బా మన ఊళ్లో ఎక్కువ రోజులు నిలవదు. పొడి చల్లి వేడికి కరిగించే పౌడర్ కోటింగ్ విప్పి ఇవ్వగలిగిన భాగాలకే, అదీ రబ్బరు బుష్‌లు తీసేశాక. నల్లటి రబ్బరు అండర్‌బాడీ కోటింగ్ మాత్రం నేరుగా తుప్పు మీద కొట్టించకండి. కింద ఏం జరుగుతోందో రేకు చిల్లు పడేదాకా తెలియదు.

సముద్రానికి దూరంగా కరీంనగర్‌లోనో అనంతపురంలోనో షెడ్డు ఉండి, నెల రోజుల్లో రంగు దాకా వెళ్లగలనని నమ్మకం ఉంటే రెడ్ ఆక్సైడ్‌తో కానివ్వండి, పైన ఎనామెల్ వేసుకోండి. కమాన్లకూ జాకీ స్టాండ్‌కీ నేను ఇప్పటికీ అదే కొడుతున్నాను. కాకినాడ ఆయనకు మాత్రం ఎపాక్సీయే చెప్పాను.

ఇందులో ఏదీ తలుపుల కింద, గుమ్మాల కింద ఉండే డొల్ల భాగాల్లోకి పోదు. పద్మినికి మొదట చిల్లులు పడేది అక్కడే. అక్కడ పైపుతో కావిటీ వ్యాక్స్, అంటే డొల్ల భాగాల లోపల కొట్టే మైనం, కొట్టాలి. కొట్టాక తలుపు అడుగున నీళ్లు పోయే రంధ్రాల్లో ఓ సైకిల్ పుల్ల దూర్చి చూడండి, వ్యాక్స్‌తోనో ప్రైమర్‌తోనో మూసుకుపోయి ఉంటాయి.