24 గంటల మెటానెఫ్రిన్ టెస్టు: కుర్రాడు బాగా చెప్పాడు, కాగితమే బాలేదు

మా ఆవిడకి ఉన్నట్టుండి బీపీ ఎగబాకేది. గుండెదడ, చెమటలు, తలనొప్పి. కాసేపటికి మళ్లీ మామూలే. అడ్రినలిన్ లాంటి హార్మోన్లను అతిగా వదిలే ఫియోక్రోమోసైటోమా అనే గడ్డేమో చూద్దామని డాక్టరుగారు 24 గంటల యూరిన్ మెటానెఫ్రిన్స్ రాశారు, అంటే రోజంతా వచ్చిన మూత్రం పట్టి, అందులో ఆ హార్మోన్ల నుంచి తయారయ్యే మెటానెఫ్రిన్లను కొలిచే టెస్టు. విజయవాడలో మా ఇంటి దగ్గరున్న ల్యాబులోనే ఇచ్చాం.

క్యాన్ ఇంటికే తెచ్చిచ్చారు. శాంపిల్ పాడవకుండా అడుగున కొంచెం హైడ్రోక్లోరిక్ యాసిడ్ పోసి ఉంటుంది, పారబోయకూడదు. తెచ్చిన కుర్రాడు శుభ్రంగా చెప్పాడు: "నేరుగా క్యాన్‌లో వద్దమ్మా, మగ్గులో పట్టి పొయ్యండి. పొద్దున మొదటిది వదిలేసి టైము రాసుకోండి. రేపు ఆ టైముకి వచ్చింది కూడా కలిపెయ్యండి." చేతికిచ్చిన కాగితం మాత్రం అంతా ఇంగ్లీషే, అదీ జిరాక్సుకి జిరాక్సు. యాసిడ్ ఊసే లేదు. చిన్నపిల్లలున్న ఇంట్లో ఎలా?

అడ్రినలిన్‌నే కొలవచ్చుగా అని మా బంధువులు అడిగారు. ఇంటర్ పిల్లలకి జువాలజీ చెప్పేవాణ్ణి, ఊరుకోలేను. టైరోసిన్ నుంచి డోపా, డోపా నుంచి డోపమైన్, తర్వాత నార్‌అడ్రినలిన్, చివర అడ్రినలిన్. కిడ్నీల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథుల లోపలి భాగం వీటిని వదిలితే గుండె వేగం, బీపీ పెరుగుతాయి. రక్తంలో ఇవి నిలిచేది నిమిషాలే. గడ్డ ఉన్నా విడతలు విడతలుగా వదలొచ్చు, మనం సూది గుచ్చే వేళకి దొరక్కపోవచ్చు. కానీ గడ్డ కణాల్లో సీవోఎంటీ అనే ఎంజైము వాటిని మెటానెఫ్రిన్లుగా మారుస్తూనే ఉంటుంది, దడ వచ్చినా రాకపోయినా. అందుకే ఈ టెస్టు.

క్యాన్ తిరిగిచ్చినప్పుడు నా ఎదుటే బాగా కలిపి, కొలజాడీలో పోసి చూసి, 2,150 మి.లీ. అని ట్యూబు మీద రాసి, అందులోకి కాస్తంత తీశారు. ఆ అంకె తప్పితే లెక్కంతా తప్పుతుంది. ఈ పని మాత్రం పద్ధతిగా చేశారు.

ఫోన్లో కాఫీ మానమన్నారు గానీ, ఏం మందులు వాడుతున్నారని అడగలేదు. కొన్ని డిప్రెషన్ మాత్రలు ఈ అంకెల్ని పెంచేస్తాయి. మీ మందుల చీటీ డాక్టరుకే చూపించండి, సొంతంగా ఏదీ ఆపకండి.

శాంపిల్ హైదరాబాద్ వెళ్లింది, రిపోర్టు చెప్పిన రోజు దాటాక వచ్చింది. నార్మల్. 5కి 3.5 ఇస్తాను. ఎండాకాలమైతే రెండో క్యాన్ ముందే అడిగి తీసుకోండి, నీళ్లెక్కువ తాగేవాళ్లకి ఒకటి చాలదు.