బేస్‌బాల్‌కు ఏది మేలు: ఓతానీనా, గడియారమా?

డాలస్‌లో మావాళ్లు, బేస్‌బాల్ చూసేవాళ్లు ఇద్దరు కలిస్తే చాలు, ఇదే వాదన. జనం మళ్లీ ఈ ఆట వైపు వస్తున్నది జపాన్ నుంచి వచ్చిన స్టార్ షోహెయ్ ఓతానీ కోసమా, పిచ్ క్లాక్ (బంతి వేయడానికి గడువు పెట్టే గడియారం) పెట్టి ఆటను త్వరగా ముగిస్తున్నందుకా? అడిగిన ప్రతివారికీ విడివిడిగా చెప్పి అలసిపోయాను, అందుకే రాసేస్తున్నాను.

ముందు ఓతానీ పక్షం. 2023 డిసెంబర్‌లో లాస్ ఏంజెలెస్ జట్టు డాడ్జర్స్ అతనితో 10 ఏళ్లకు 70 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. మరుసటి సీజన్‌లోనే 54 హోమ్ రన్లు (మన సిక్సర్ల లాంటివి), 59 స్టోలెన్ బేస్‌లు (పిచర్ బంతి వేసేలోగా తర్వాతి బేస్‌కు పరుగెత్తి చేరడం). ఒకే సీజన్‌లో రెండూ 50 దాటించినవాడు అంతకుముందు లేడు. ఆ ఏడాది న్యూయార్క్ జట్టు యాంకీస్‌తో ఆడిన వరల్డ్ సిరీస్‌ను (సీజన్ ఫైనల్) అమెరికాలో మ్యాచ్‌కు సగటున 1.58 కోట్ల మంది చూశారు. అంతకుముందు ఏడాది, మా డాలస్ వైపు జట్టు రేంజర్స్ గెలిచిన సిరీస్‌కు ఆ సంఖ్య 91 లక్షలే, ఎన్నడూ లేనంత తక్కువ. మా ఊరికి మొదటిసారి కప్పు వచ్చిందని మేం గంతులేస్తుంటే దేశం టీవీ కట్టేసి పడుకుంది!

అయితే స్టారే గొప్పా? ఇదే ఓతానీ అంతకుముందు ఆరేళ్లు ఏంజెల్స్‌లో ఆడాడు. పక్కనే మూడుసార్లు ఎంవీపీ (లీగ్‌లో ఆ ఏటి మేటి ఆటగాడు) అయిన మైక్ ట్రౌట్. ఆ ఆరేళ్లలో జట్టు ఒక్కసారీ ప్లేఆఫ్స్ గడప తొక్కలేదు. ట్రౌట్ ఇన్నేళ్లలో ఆడిన ప్లేఆఫ్ మ్యాచ్‌లు మూడే. 2014లో ఆ మూడూ ఓడిపోయారు. 2018లో మేజర్ లీగ్ (అమెరికా అగ్ర బేస్‌బాల్ లీగ్) కమిషనర్ మాన్‌ఫ్రెడ్, ప్రచారానికి ట్రౌట్ కూడా కలిసి రావాలన్నట్టు మాట్లాడితే, ఏంజెల్స్ యాజమాన్యం తమ ఆటగాడి వైపే నిలబడింది. నాకూ ట్రౌట్ తప్పేమీ కనబడదు. బాస్కెట్‌బాల్‌లో ఆఖరి నిమిషంలో బంతి స్టార్ చేతికిస్తారు. ఇక్కడ తొమ్మిది మందీ వరసలో రావాల్సిందే. ఎంత మొనగాడైనా మ్యాచ్‌కు నాలుగైదుసార్లే బ్యాట్ పట్టేది. స్టార్టింగ్ పిచరైతే (ఆట మొదటి నుంచి బంతి వేసేవాడు) ఐదారు రోజులకోసారి. హీరో సినిమాలో పావుగంటే కనబడితే ఎంత పెద్ద కటౌట్ పెట్టి ఏం లాభం?

2023 మార్చిలో వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్ (దేశాల మధ్య టోర్నీ) ఫైనల్లో చివరి ఔట్‌కు, అమెరికాకు ఆడుతున్న ట్రౌట్‌ను జపాన్ తరఫున బంతి వేసి ఓతానీయే స్ట్రైకౌట్ చేశాడు (మూడు స్ట్రైక్‌లతో ఔట్). అలాంటి సీన్ ఏ యాడ్ ఏజెన్సీ రాసిస్తుంది?

గడియారం సంగతి వేరు. 2023 సీజన్ నుంచి, బేస్‌లపై రన్నర్లు లేకపోతే పిచర్ 15 సెకన్లలో బంతి వేయాలి. 2022లో మూడు గంటలు దాటిన సగటు ఆట 2 గంటల 40 నిమిషాలకు వచ్చింది. కోసేసింది ఆటను కాదు, బంతి బంతికీ బ్యాటర్ గ్లవ్స్ పట్టీలు విప్పి మళ్లీ బిగించుకునే తతంగాన్ని. ఆ ఏడాది స్టేడియాలకు వచ్చినవాళ్లు 7 కోట్లు దాటారు, 2017 తర్వాత మొదటిసారి. నా లెక్కలో అసలు విషయం ఇదే. ఏడు దాటాక మొదలైన ఆట పదిలోపు అయిపోతోంది. మర్నాడు స్కూలున్న పిల్లలతో తొమ్మిది ఇన్నింగ్స్‌లలో ఏడోదానికే పార్కింగ్ వైపు నడిచేవాళ్లం, ఇప్పుడు చివరి ఔట్ దాకా కూర్చుంటున్నాం. చివరి ఔట్ చూడని పిల్లాడు రేపు ఫ్యాన్ ఎలా అవుతాడు?

అయితే గడియారం గ్రౌండ్ నింపిన ఆ ఏడాదే వరల్డ్ సిరీస్‌ను టీవీలో చూసేవాళ్లు లేరు. నా వాదనకు ఇది గట్టి దెబ్బే, ఒప్పుకుంటాను. కాకపోతే 2024 లెక్కంతా ఓతానీ ఖాతాలో వేయడం అన్యాయం. అటు న్యూయార్క్, ఇటు లాస్ ఏంజెలెస్, పైగా యాంకీస్ స్టార్ ఆరన్ జడ్జ్.

ఆటను పెంచడానికి విదేశాల్లో మ్యాచ్‌లంటారా? లండన్, సియోల్, టోక్యో అన్నీ అయ్యాయి. టోక్యోలో బేస్‌బాల్ ప్రచారమంటే కోనసీమలో కొబ్బరికాయలు అమ్మడమే. మన దేశం నుంచి 2008లో ఒక రియాలిటీ షో ద్వారా యూపీ కుర్రాళ్లు రింకూ సింగ్ (కేకేఆర్ రింకూ కాదు), దినేశ్ పటేల్‌ను పిట్స్‌బర్గ్ జట్టు పైరేట్స్ తీసుకుంది. ఇద్దరూ మేజర్ లీగ్ దాకా రాలేదు.

మళ్లీ ఓతానీ దగ్గరికే వస్తే, డాడ్జర్స్ రేంజర్స్ స్టేడియం ఉన్న ఆర్లింగ్టన్‌కు వచ్చేది ఏడాది విడిచి ఏడాది, మూడు మ్యాచ్‌లకు. 2025 ఏప్రిల్‌లో వచ్చినప్పుడు కూతురు పుట్టిందని అతను శుక్ర, శనివారాలు ఆడలేదు. ఆదివారం దిగాడు.

నా టికెట్ శనివారానిది.