ఫుట్‌బాల్ పేరు వేరు, డిగ్రీ పేరు వేరు: అమెరికా యూనివర్సిటీలకు నా రేటింగులు

అడ్మిట్లు వచ్చే సీజన్ మొదలైతే చాలు, మా చుట్టాల పిల్లల నుంచి ఒకటే మెసేజ్. "అన్నా, అలబామా వచ్చింది, పర్డ్యూ కూడా వచ్చింది, ఏది తీసుకోమంటావ్?" వెంటనే వాళ్ల నాన్న ఫోన్ అందుకుని, "అలబామాకే పేరెక్కువ ఉన్నట్టుంది కదరా, మొన్న వీడియోలో చూశాను, లక్ష మంది కూర్చుని ఆట చూస్తున్నారు" అంటారు. ఆయన్ని తప్పు పట్టలేను, అంత జనాన్ని చూస్తే ఎవరైనా పెద్ద కాలేజీ అనే అనుకుంటారు. కానీ ఇల్లో పొలమో తాకట్టు పెట్టి, లక్షల్లో లోను తీసుకుని కొంటున్న చదువు ఇది. ఫోన్ కొనేముందు పది రివ్యూలు చదివే మనం దీనికి ఒక్కటైనా చదవాలి కదా, అందుకే రాస్తున్నాను. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్ అని గుర్తుపెట్టుకోండి.

ముందే తేల్చి చెప్తాను. స్టేడియం సైజుకీ డిగ్రీ విలువకీ ముడి లేదు. ఆట బాగా ఆడే చోట చదువు ఉండదన్న మాట కూడా అంతే తప్పు. రెండూ ఒకే పేరు మీద నడుస్తున్న రెండు వేరు వేరు లెక్కలు.

రెండు లెక్కల్లోనూ నిండుగా ఉన్నవాటితో మొదలుపెడతాను. మిషిగన్ (యాన్ ఆర్బర్) కి నా రేటింగ్ ఐదుకి ఐదు. స్టేడియంలో 1,07,601 సీట్లు, అమెరికాలో అంతకన్నా పెద్దది లేదు, 2023 సీజన్ జాతీయ ఛాంపియన్లు వాళ్లే. శనివారం హోమ్ గేమ్ (సొంత స్టేడియంలో ఆడే మ్యాచ్) ఉంటే పొద్దున్నే ఊరంతా పసుపు, నీలం రంగులు వేసుకుని తిరుగుతుంది, స్టేడియం పక్క హైస్కూల్ గ్రౌండంతా కార్లు పెట్టుకుని, డిక్కీలు తెరిచి, పొయ్యిలు ముట్టించి మాంసం కాలుస్తుంటారు, ఆ పొగ వాసన రోడ్డు అవతలికీ వస్తుంది. అదే సమయానికి ఊరికి అటు చివర నార్త్ క్యాంపస్‌లో ఇంజినీరింగ్ ల్యాబుల్లో లైట్లు వెలుగుతూనే ఉంటాయి, డ్యూడర్‌స్టాట్ లైబ్రరీలో మన పిల్లలు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని అసైన్‌మెంట్లు చేసుకుంటుంటారు. రీసెర్చ్ మీద ఈ యూనివర్సిటీ పెట్టే ఖర్చు ఏడాదికి వంద కోట్ల డాలర్లు ఎప్పుడో దాటేసింది. ఆట లేకపోయినా మిషిగన్ మిషిగనే. టెక్సాస్ (ఆస్టిన్), వాషింగ్టన్ (సియాటిల్), బర్క్‌లీ, స్టాన్‌ఫర్డ్ కూడా ఈ కోవలోవే, వీటికి ప్రత్యేకంగా రివ్యూ అక్కర్లేదు. అడ్మిట్ వస్తే, డబ్బు కుదిరితే, ఆలోచించకుండా వెళ్లిపోవచ్చు.

ఇక ఆట మానేసి పేరు నిలబెట్టుకున్నవాళ్లు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ షికాగో యూనివర్సిటీది. ఒకప్పుడు వీళ్లు ఫుట్‌బాల్‌లో రాజులు, 1935 లో కాలేజీ ఫుట్‌బాల్‌లో ఆ ఏటి మేటి ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీని మొట్టమొదట అందుకున్న జే బెర్వాంగర్ ఇక్కడి కుర్రాడే. అప్పటి ప్రెసిడెంట్ రాబర్ట్ హచిన్స్ మాత్రం ఈ గోలకీ చదువుకీ పొత్తు కుదరదని 1939 సీజన్‌తో టీమ్‌ని ఎత్తేశారు. ఆట లేని ఆ స్టేడియం గ్యాలరీ కిందే 1942 డిసెంబర్ 2 న భౌతిక శాస్త్రవేత్త ఎన్రికో ఫెర్మీ బృందం ప్రపంచంలో మొదటి అణు గొలుసు చర్యను నడిపి చూపించింది. తర్వాత ఆ స్థలంలో రీజెన్‌స్టీన్ లైబ్రరీ కట్టారు. 1969 లో ఆట మళ్లీ మొదలైంది కానీ ఇప్పుడు ఆడేది డివిజన్ త్రీ స్థాయిలోనే, అంటే ఆడినందుకు స్కాలర్‌షిప్పులు ఉండని చోట.

మన హైదరాబాద్ సత్య నాదెళ్ల గారి చదువు చూడండి. ఎం.ఎస్. చేసింది విస్కాన్సిన్ యూనివర్సిటీలో, కానీ పెద్ద స్టేడియం ఉన్న మాడిసన్ క్యాంపస్‌లో కాదు, మిల్వాకీలో. ఆ క్యాంపస్‌కి యూనివర్సిటీ తరఫున ఆడే ఫుట్‌బాల్ టీమే లేదు. తర్వాత ఎం.బి.ఏ. చేసింది పైన చెప్పిన షికాగోలోనే. అలాగే చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు దశాబ్దాల పాటు పని చేసిన కార్నెగీ మెలన్. 1926 లో ఆ కాలేజీ టీమ్ నోటర్‌డామ్ అంతటి జట్టుని 19-0 తో ఓడించిందంటే ఇప్పుడు అక్కడి విద్యార్థులే నమ్మరేమో. ఇవాళ వాళ్లదీ డివిజన్ త్రీనే, కంప్యూటర్ సైన్స్‌లో మాత్రం దేశంలో మొదటి వరసలో ఉంటుంది. రాజ్ రెడ్డి గారికి 1994 లో కంప్యూటర్ సైన్స్‌లో అన్నిటికన్నా పెద్దదైన ట్యూరింగ్ అవార్డు వచ్చింది. మీ నాన్నగారు కార్నెగీ మెలన్ పేరు ఏ మ్యాచ్‌లోనూ విని ఉండరు, ఆయనకి రాజ్ రెడ్డి గారి గురించి చెప్పండి, చాలు.

అలబామా దగ్గరికి వద్దాం. 2007 లో నిక్ సేబన్ కోచ్‌గా వచ్చాడు, 2024 జనవరిలో రిటైరయ్యేలోపు అలబామాకి ఆరు జాతీయ టైటిళ్లు తెచ్చిపెట్టాడు. ఆయన రాకముందు ఆ యూనివర్సిటీలో విద్యార్థులు 24 వేల లోపు, పదేళ్లలో 37 వేలు దాటారు, అందులో బయటి రాష్ట్రాల పిల్లలు బోలెడంత మంది. ఆట వల్ల యూనివర్సిటీకి పేరొచ్చింది, పేరు వల్ల అప్లికేషన్లు వచ్చాయి, అదే సమయంలో మార్కులున్న పిల్లలకి మెరిట్ స్కాలర్‌షిప్పులు కూడా గట్టిగా ఇచ్చారు. అంతా బాగుంది. కానీ ఈ లాభం ఎక్కువగా డిగ్రీ మొదటి సంవత్సరంలో చేరే అమెరికన్ పిల్లల దగ్గర వచ్చింది, మన ఎం.ఎస్. కుర్రాడికి కాలిఫోర్నియాలో రెజ్యూమె చూసే ఇంజినీర్ సేబన్ టైటిళ్లు లెక్కపెట్టడు. ఎం.ఎస్. కంప్యూటర్ సైన్స్‌కి నా రేటింగ్ ఐదుకి మూడు. చెడ్డ యూనివర్సిటీ అని కాదు, ఫండింగ్ ఇస్తే తప్పకుండా ఆలోచించండి. ఆట చూసి ఎగబడొద్దు, అంతే.

అలబామా పేరుతో ఇంకో తికమక ఉంది, ఇది కన్సల్టెన్సీల వాళ్లు కూడా సరిగ్గా చెప్పరు. టీవీలో కనిపించేది టస్కలూసాలో ఉన్న యూనివర్సిటీ. బర్మింగ్‌హామ్‌లో ఉన్నది వేరే, హంట్స్‌విల్‌లో ఉన్నది ఇంకా వేరే. హంట్స్‌విల్ దానికి ఫుట్‌బాల్ లేదు, ఊళ్లో నాసా మార్షల్ సెంటర్ ఉంది, ఏరోస్పేస్ వాళ్లకి మంచి చోటు. బర్మింగ్‌హామ్‌ది వైద్య పరిశోధనలో ఈ మూడింటిలోకీ పెద్దది. 2014 లో డబ్బు చాలట్లేదని ఫుట్‌బాల్ మూసేస్తే ఊరు ఊరంతా గొడవ చేసి విరాళాలు పోగేసి 2017 కల్లా టీమ్‌ని మళ్లీ మైదానంలోకి దింపారు. ఆ టీమ్ ఉన్నా లేకపోయినా ఆస్పత్రి, పబ్లిక్ హెల్త్ చదువు ఆగలేదు. బి.డి.ఎస్., ఫార్మసీ చేసి ఎం.పి.హెచ్. (పబ్లిక్ హెల్త్‌లో మాస్టర్స్) కోసం వెళ్లే మన పిల్లలకి టస్కలూసా కన్నా బర్మింగ్‌హామే నయం, నా రేటింగ్ నాలుగున్నర.

నెబ్రాస్కా సంగతి చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. 1994, 1995, 1997 లలో జాతీయ టైటిళ్లు, 1962 నుంచి హోమ్ గేమ్ టికెట్లన్నీ అమ్ముడుపోతూనే ఉన్నాయి. ఆ బలంతోనే బిగ్ టెన్ లీగ్ వాళ్లు రమ్మని పిలిచారు, 2011 లో చేరారు. సరిగ్గా అదే ఏడాది, పెద్ద రీసెర్చ్ యూనివర్సిటీల సంఘం ఏ.ఏ.యూ. తన సభ్యత్వం నుంచి నెబ్రాస్కాని ఓటేసి తీసేసింది, అదీ నూరేళ్లకు పైగా సభ్యులుగా ఉన్నాక. తీసేయడానికి చూపిన లెక్కలో వ్యవసాయ పరిశోధనకి వచ్చే ప్రభుత్వ నిధులకి విలువ తక్కువ, పైగా మెడికల్ సెంటర్ వేరే పాలన కింద ఉండటంతో ఆ ల్యాబుల ఖాతా లింకన్ క్యాంపస్‌కి కలవలేదు. నా దృష్టిలో అది అన్యాయం. అమెరికాలో ట్రాక్టర్లను అధికారికంగా పరీక్షించే ల్యాబ్ ఉన్నది ఆ క్యాంపస్‌లోనే, 1920 నుంచి పరీక్షిస్తున్నారు, కంపెనీ చెప్పిన హార్స్‌పవర్ నిజమో కాదో రైతుకి తేల్చి చెప్పడం వాళ్ల పని. బాపట్లలోనో రాజేంద్రనగర్‌లోనో అగ్రికల్చర్ చదివి సాగునీరు, యంత్రాలు, నేలల మీద పై చదువు చదవాలనుకునే పిల్లలకి నెబ్రాస్కా నా లెక్కలో ఐదుకి ఐదు. అదే కంప్యూటర్ సైన్స్ అయితే మూడున్నర. ఒకే యూనివర్సిటీకి రెండు రేటింగులేంటి అంటారేమో, యూనివర్సిటీలు ఉండేదే అలా.

ర్యాంకుల గురించి కూడా ఒక మాట. ఫుట్‌బాల్‌లో 1936 నుంచీ విలేకరులు ఓటేసి జట్లకి ర్యాంకులిస్తారు, కోచ్‌ల ఓటింగ్ విడిగా ఉంది. మనవాళ్లు కళ్లకద్దుకునే యు.ఎస్. న్యూస్ అనే అమెరికా పత్రిక వారి కంప్యూటర్ సైన్స్ పీజీ ర్యాంకులు కూడా ఓట్లే, వేరే యూనివర్సిటీల డిపార్ట్‌మెంట్ పెద్దలకి ఫారం పంపి ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు వేయమంటారు, వాటి సగటే ర్యాంకు. తేడా ఎక్కడంటే, ఫుట్‌బాల్ ఓటుకి ప్రతి శనివారం పరీక్ష ఉంటుంది. 2024 అక్టోబర్ 5 న నంబర్ వన్‌గా ఉన్న అలబామాని నాష్‌విల్‌లో వాండర్‌బిల్ట్ 40-35 తో ఓడించింది. చదువులో పెద్ద పేరు, ఆటలో అప్పటికి చాలా ఏళ్లుగా అట్టడుగు, అలాంటి యూనివర్సిటీ పిల్లలు ఆ రాత్రి గోల్‌పోస్ట్‌ని ఊడబీకి, భుజాల మీద ఊరి రోడ్ల వెంట మోసుకుంటూ వెళ్లి కంబర్‌లాండ్ నదిలో పడేశారు. మర్నాడు ఓటర్లు తమ లిస్టు మార్చుకోక తప్పలేదు. చదువు ర్యాంకుకి అలాంటి శనివారం లేదు. పాతికేళ్ల కిందటి పేరుతో ఇప్పటికీ పైన కూర్చున్నవి ఉన్నాయి, పదేళ్లుగా మంచి ప్రొఫెసర్లని తెచ్చుకుంటున్నా కిందే ఉన్నవీ ఉన్నాయి. కాబట్టి డిపార్ట్‌మెంట్ పేజీ తెరిచి మీ సబ్జెక్టులో ఎంతమంది ప్రొఫెసర్లున్నారు, పోయిన రెండేళ్లలో ఏం పేపర్లు వేశారు, ఆర్.ఏ.లు (ప్రొఫెసర్ దగ్గర జీతమిచ్చే రీసెర్చ్ పనులు) ఎవరికి ఇస్తున్నారు, ఇవి మీరే చూసుకోండి.

పర్డ్యూ వచ్చిందన్న మా తమ్ముడికి ఒక్క క్షణం ఆలోచించకుండా అదే తీసుకోమన్నాను. 2024 లో ఫుట్‌బాల్‌లో పన్నెండు మ్యాచ్‌లాడి గెలిచింది ఒక్కటే, ఇంజినీరింగ్‌లో మాత్రం నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ చదివిన చోటు, కంపెనీలు క్యాంపస్‌కి వచ్చి మరీ తీసుకుంటాయి. ఇల్లినాయ్ (అర్బానా-షాంపేన్) కూడా అంతే, 1993 లో ఇంటర్నెట్‌ని మామూలు జనానికి దగ్గర చేసిన మొజాయిక్ బ్రౌజర్ పుట్టింది అక్కడే. జార్జియా టెక్‌కి 1990 లో ఇంకో జట్టుతో పంచుకున్న జాతీయ ఫుట్‌బాల్ టైటిల్ ఉంది, ఉద్యోగం మానకుండా చదవాలనుకునేవాళ్లకి 2014 లో మొదలైన కంప్యూటర్ సైన్స్ ఆన్‌లైన్ ఎం.ఎస్. ఉంది, పెట్టిన డబ్బుకి అంత విలువ ఇచ్చేది నేనింకోటి చూడలేదు.

డబ్బు గురించి చెప్పకపోతే రివ్యూ సగమే అవుతుంది. టెక్సాస్ ఏ అండ్ ఎం 2023 నవంబర్‌లో కోచ్‌ని తీసేసినందుకు ఒప్పందం ప్రకారం ఇవ్వాల్సింది 7.5 కోట్ల డాలర్ల పైమాటే, మన లెక్కలో ఆరు వందల కోట్లు దాటింది. అక్కడ ఇంజినీరింగ్ మంచిది, పెట్రోలియం అయితే మరీ మంచిది, నాలుగు ఇస్తాను. కానీ క్రీడల డబ్బు క్రీడలదే, మీ ల్యాబ్‌కి కొత్త మెషీన్ వస్తుందని ఆశ పెట్టుకోవద్దు. పైగా చాలా చిన్న యూనివర్సిటీల్లో ఆటకి సొంత ఆదాయం చాలక విద్యార్థుల దగ్గరే వసూలు చేస్తారు. నేను చదివిన చోట ప్రతి సెమిస్టర్ బిల్లులో అథ్లెటిక్స్ ఫీజు అని ఒక లైన్ ఉండేది, ఒక్క ఆట చూడకపోయినా కట్టాల్సిందే. హోమ్ గేమ్ రోజు మా పార్కింగ్ ఖాళీ చేయించి బయటి నుంచి వచ్చేవాళ్లకి ఇచ్చేవారు, శనివారం ల్యాబ్‌లో పని ఉంటే బస్సే గతి. ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఫారం) తీసుకునేముందు ఫీజుల పేజీ లైన్ లైన్ చదవండి, ట్యూషన్ ఒక్కటే చూసి బడ్జెట్ వేసుకోవద్దు.

ఆల్రెడీ పెద్ద ఫుట్‌బాల్ ఊళ్లో చేరిపోయినవాళ్లు ఒక్క హోమ్ గేమ్‌కైనా వెళ్లండి, ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదివిన స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త సి.ఆర్.రావు గారు పనిచేసిన పెన్ స్టేట్‌లో అయితే మరీను, ఆ స్టేడియంలోనూ లక్ష మందికి పైనే పడతారు. స్టూడెంట్ టికెట్ దొరికితే చాలా చవక, కాబట్టి సీజన్ మొదలవకముందే కొనేయండి. చాలా చోట్ల బ్యాగులు లోపలికి రానివ్వరు, నవంబర్‌లో అయితే రెండు స్వెటర్లు వేసుకోండి, ముందు వరసలవాళ్లంతా లేచి నిలబడే చూస్తారు కాబట్టి సౌకర్యమైన బూట్లు కూడా ముఖ్యమే.