సన్‌రూఫ్ తెర రిపేరు: గైడ్ ముక్కలు మార్చి రెండు వేసవులు వాడాక

పనోరమిక్ సన్‌రూఫ్ (పైకప్పులో చాలా భాగం అద్దమే) ఉన్న ఏడు సీట్ల బండిలో, అద్దం కింద మోటారుతో నడిచే గుడ్డ తెర గురించి ఈ సమీక్ష. శ్రీకాకుళం, పలాస, బొబ్బిలి మధ్య రోజూ తిరిగే బండి ఇది. అరసవల్లి సూర్యనారాయణుడి జిల్లాలో తెర మూసుకోని బండితో ఏప్రిల్ దాటడం కష్టం. పిల్లలు వెనక సీట్లో కూర్చోలేరు.

తెర మొరాయిస్తే సర్వీసు సెంటర్లలో మొదట వినిపించే మాట ‘అసెంబ్లీ మొత్తం మార్చాలి’ అని. ఆ మాటకు వెంటనే ఒప్పుకోవద్దు. సాధారణంగా మోటారు బాగానే ఉంటుంది. పోయేది తెర ముందు అంచున ఉండే అడ్డపట్టీ చివర్లలోని ప్లాస్టిక్ గైడ్ ముక్క.

గుడ్డ వెనకవైపు ఒక రోలర్‌కి చుట్టుకుని ఉంటుంది, రోలర్‌లోని స్ప్రింగు దాన్ని ఎప్పుడూ వెనక్కి లాగుతుంటుంది. గుడ్డ ముందు అంచుకి అడ్డపట్టీ, దాని రెండు కొసలకీ గైడ్లు. ఇవి అల్యూమినియం పట్టాల్లో జారతాయి. ఒకే మోటారు పళ్లచక్రం గైడ్లని లాగే ఎడమ కేబుల్‌నీ కుడి కేబుల్‌నీ కలిపి నడుపుతుంది. రెండు వైపులా సమానంగా కదిలితేనే తెర తిన్నగా వస్తుంది.

ముందు చప్పుడు వినండి. స్విచ్ నొక్కితే ఏ చప్పుడూ లేకపోతే ఫ్యూజు, ఆ తరవాత మోటారు కనెక్టరు చూడాలి. కొంత దూరం వచ్చి దానంతటదే వెనక్కి పోతుంటే, ఏదో అడ్డు తగిలిందని కంట్రోలు భావిస్తోంది. పట్టాలో మట్టి చేరినా, బ్యాటరీ పీకి పెట్టాక పొజిషన్ మరిచిపోయినా ఇలాగే చేస్తుంది. తెర వంకరగా వస్తే గైడ్ విరిగి ఉంటుంది, లేదా ఒక కేబుల్ పన్ను దాటి ఉంటుంది. టకటక చప్పుడు మొదలైతే మాత్రం ఇంకోసారి స్విచ్ నొక్కకండి. నొక్కిన ప్రతిసారీ చక్రం పళ్లు అరుగుతాయి, మోటారుకి కూడా అప్పుడే ఎసరొస్తుంది.

బ్యాటరీ మార్చాక వచ్చిన ఇబ్బందైతే రీసెట్‌తోనే పోవచ్చు. చాలా బండ్లలో ఇంజిన్ ఆన్‌లో ఉంచి, మూసేవైపు స్విచ్ సుమారు 10 సెకన్లు పట్టుకుంటే కొద్దిగా కదులుతుంది. వదిలి, వెంటనే మళ్లీ నొక్కి, తెరా అద్దమూ ఒకసారి పూర్తిగా తెరుచుకుని మూసుకునేదాకా వదలకూడదు. మధ్యలో వేలు తీస్తే మొదటికొస్తుంది. మోడల్‌ని బట్టి సెకన్లు మారతాయి, మాన్యువల్‌లో చూసుకోండి.

ఇక శుభ్రం. ఎర్రమట్టి దుమ్ము పాత గ్రీజులో కలిసి, ముదిరిన బెల్లం పాకంలా పట్టా మూలల్లో గట్టిపడుతుంది. దాన్ని పాత టూత్‌బ్రష్షుతో గీకి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడవాలి. పెట్రోలు, థిన్నరు వద్దు, ప్లాస్టిక్‌నీ పైకప్పు లోపలి లైనింగు జిగురునీ తినేస్తాయి. తుప్పు వదిలించే స్ప్రే కొడితే రెండు రోజులు హాయిగా జారుతుంది, ఉన్న గ్రీజు కడుక్కుపోయాక మొదటికన్నా గట్టిగా పట్టేస్తుంది. సిలికాన్ గ్రీజు గైడ్‌కి పెసరగింజంత చాలు. గుడ్డకి తగిలితే మరక పోదు.

గైడ్ విరిగితే పని పెద్దది. పట్టాలో తెల్లటి పొడి, గోరుకొనంత ప్లాస్టిక్ పలక కనిపిస్తాయి. కేబుల్ కొన పట్టుకునే కొక్కెం దగ్గరే విరుగుతుంది, ఎండకు పెళుసైపోయేది అక్కడే. చాలా బండ్లలో ముందు అద్దాన్ని పక్కకి రెండేసి టార్క్స్ (నక్షత్రం గాడి) స్క్రూలు పట్టి ఉంచుతాయి. విప్పేముందు వాటి స్థానం మార్కరుతో గీసుకోవాలి, లేకపోతే బిగించాక అద్దం ఎత్తు తేడా వచ్చి గాలి కూస్తుంది. రూఫ్ లైనింగు దించాల్సి వస్తే కర్టెన్ ఎయిర్‌బ్యాగులు (ప్రమాదంలో కిటికీల మీదికి విచ్చుకునేవి) ఆ పక్కనే ఉంటాయని మరవద్దు. బ్యాటరీ నెగటివ్ తీసి, మాన్యువల్ చెప్పినంతసేపు ఆగాకే చెయ్యి పెట్టాలి. ఈ భాగం సొంతంగా చేసే పని కాదు, సన్‌రూఫ్ విప్పిన అనుభవమున్న మెకానిక్‌కే ఇవ్వండి.

మెకానిక్ గైడ్ తీసేముందు అడ్డపట్టీని గట్టి టేపుతో కట్టెయ్యాలి. లేకపోతే స్ప్రింగు దాన్ని ఒక్క ఊపున వెనక్కి లాగేసుకుంటుంది, గుడ్డ రోలర్ మీద మడతలు పడుతుంది. ఒక్కటే విరిగినా రెండు గైడ్లూ మార్చండి, రెండోదీ అంతే ఎండ తిన్నది. కొత్తవి పెట్టాక మోటారు విప్పి, అడ్డపట్టీని చేత్తో సరిచేసి, రెండు వైపులా కొలత టేపుతో కొలిచి, సమానమయ్యాకే మోటారు బిగించాలి. మిల్లీమీటర్ల తేడా ఉన్నా కొన్నాళ్లకి మళ్లీ వంకర తిరుగుతుంది. చివర్లో రీసెట్ తప్పనిసరి.

రెండు వేసవుల తరవాత తెర తిన్నగానే నడుస్తోంది, టకటక తిరిగి రాలేదు. ఏడాదికి రెండుసార్లు, మార్చి మొదట్లోనూ వానలయ్యాకా పట్టాలు తుడుస్తున్నాం. అప్పుడే సన్‌రూఫ్ మూలల్లోని నీటి గొట్టాల్లో గ్లాసుడు నీళ్లు పోసి, చక్రాల దగ్గర కారుతున్నాయో లేదో చూస్తాం. అడ్డుపడితే కళింగపట్నం వైపు దొరికే లావుపాటి గాలం తీగ మెల్లగా తోస్తే చాలు. కంప్రెసర్ గాలి కొడితే లోపల గొట్టం జాయింటు ఊడి, నీళ్లు లైనింగులోకి దిగుతాయి.

లోటు లేదని కాదు. మిట్టమధ్యాహ్నం ఎండలో నిలిపిన బండిలో తెర మొదటి జానెడు దూరం కాస్త నెమ్మదిగా కదులుతుంది, గుడ్డ కుడి అంచున ఒక సన్నటి ముడత అలాగే ఉండిపోయింది. ఎండలో నిలిపినప్పుడు ఏసీ అయిదు నిమిషాలు నడిచాకే తెర స్విచ్ ముట్టుకుంటున్నాం.